పార్క్ కొట్టి పడుకోబెట్టిన డిస్కులు

ఎనభైల నాటి ఎక్స్‌టీ కంప్యూటరు స్విచ్చి వేస్తే ముందు ఫ్యాను గాలి. దాని వెనకే సన్నగా మొదలై పైపైకి పోయే కూత. ఆ కూత ఒక స్థాయికి చేరి నిలకడ పడ్డాక "చిర్‌ర్ర్... టక్" అని ఒక్కసారి. ఆ టక్ వినబడితే గదిలో వాళ్లు కుర్చీ ముందుకు లాక్కునేవాళ్లు. వినబడలేదా, తెర మీద 1701 అని వచ్చి నిలబడేది. అప్పట్లో ఎర్రర్ మెసేజ్ అంటే అంతే, నాలుగంకెలు. హార్డ్ డిస్కు పలకడం లేదని దాని అర్థం.

పలకడం అన్నది ఊరికే వాడిన మాట కాదు. ఆ డిస్కులకు నోరుండేది. తిరిగే భాగాలే లేని ఇవాళ్టి ఎస్ఎస్‌డీ చచ్చిపోతే చప్పుడు చెయ్యకుండా చస్తుంది. పాత డ్రైవు మాత్రం ఏది నొప్పో చెప్పి మరీ మూలపడేది. కూత రాలేదంటే ఒక జబ్బు, కూత వచ్చి టక్ రాలేదంటే ఇంకోటి, కీచుమంటే మరోటి, గీరినట్టు వస్తే అన్నిటికన్నా పెద్దది. రిపేరు తెలిసినవాళ్లు స్క్రూ డ్రైవరు తియ్యకముందే చెవి ఒగ్గేవాళ్లు. అటక మీద నుంచి పాత డ్రైవు దింపినా, స్క్రాపులో దొరికినా, ఇప్పటికీ అదే పద్ధతి.

ఆ తరం డ్రైవు అంటే మనలో చాలామందికి గుర్తొచ్చేది సీగేట్ ఎస్‌టీ-225. అయిదుంబావు అంగుళాల వెడల్పు, సగం ఎత్తు, చేతిలో పెడితే చిన్న ఇటుకంత బరువు. లోపల తిరిగే పళ్లేలు, వాటి మీద ట్రాకులనే వలయాలు. ఒకదాని కింద ఒకటి ఉన్న వలయాలన్నీ కలిపి సిలిండరు, వలయంలో ఒక్కో ముక్క సెక్టారు, చదివి రాసేది హెడ్డు. ఇందులో 615 సిలిండర్లు, 4 హెడ్లు, ట్రాకుకు 17 సెక్టార్లు, సెక్టారుకు 512 బైట్లు. గుణిస్తే 2,14,11,840 బైట్లు. అందరూ 20 ఎంబీ అనేవాళ్లు. 1983లో ఐబీఎం ఎక్స్‌టీతో వచ్చిన డ్రైవు 10 ఎంబీయే కాబట్టి 20 అంటే అప్పట్లో జమీందారీ. దీని అన్న ఎస్‌టీ-251, 820 సిలిండర్లు, 6 హెడ్లు, 40 ఎంబీ. అప్పటి ఆపరేటింగ్ సిస్టమ్ డాస్ 3.3లో ఒక పార్టిషను (డిస్కులో ఒక వాటా) 32 ఎంబీ దాటకూడదు కాబట్టి అది కొన్నవాళ్లకు డి డ్రైవు కూడా ఉండేది. అదో హోదా.

కంప్యూటరు గదికి ఏసీ, గుమ్మం బయట చెప్పులు, మానిటరుకు గుడ్డ ముసుగు. ఈ మర్యాదల్లో చెప్పులు విప్పడం వల్ల డిస్కుకు ఒరిగిందేమీ లేదు. డ్రైవు లోపలికి గాలి ఒక్క చిన్న రంధ్రం గుండా, ఫిల్టరు దాటుకునే వెళ్తుంది. (ఆ రంధ్రం మీద స్టిక్కరు వెయ్యకండి. లోపలి గాలి వేడెక్కి వ్యాకోచించడానికి దారి అదే.) డిస్కును చంపేవి వేడి, కుదుపు, ఎగుడుదిగుడు కరెంటు, తేమ. ఏసీ మాత్రం నిజంగా పనికొచ్చింది, కారణం కిందకి వస్తుంది.

పనయ్యాక పార్క్ కొట్టడం ఒక తంతు. ఎస్‌టీ-225కి తనంతట తాను హెడ్లను పక్కకు పెట్టుకోవడం తెలీదు. తిరుగుతున్నంతసేపూ హెడ్లు పళ్లెం మీద మైక్రాను కన్నా తక్కువ ఎత్తున గాలిలో తేలుతాయి. కరెంటు తీసెయ్యగానే అప్పుడు ఎక్కడ ఉంటే అక్కడే, డేటా మీదే, వాలిపోతాయి. పార్క్ అనే చిన్న ప్రోగ్రాము వాటిని 0 నుంచి 614 వరకూ ఉన్న డేటా సిలిండర్లు దాటి లోపలి ఖాళీ జాగాకు పంపుతుంది. పార్క్ కొట్టాక ఇంకో కీ కూడా నొక్కకుండా స్విచ్చి ఆపాలి. నొక్కితే హెడ్లు మళ్లీ బయల్దేరతాయి. మన దగ్గర కరెంటు రోజుకు నాలుగుసార్లు పోయేది, పార్క్ చెయ్యని డిస్కులు వందలసార్లు డేటా మీద వాలాయి, అయినా చాలావరకు బతికాయి. వాలడం వల్ల వచ్చే నష్టం తక్కువ. వాలి ఉన్నప్పుడు కంప్యూటరును ఎత్తి ఆటోలో పెట్టడం అసలు ముప్పు. అప్పుడు హెడ్డు పళ్లెం మీద సుత్తిలా ఎగిరెగిరి పడుతుంది. ఎస్‌టీ-251 నుంచి ఈ బాధ లేదు. కరెంటు పోయాక ఇంకా తిరుగుతున్న మోటారులో పుట్టే విద్యుత్తుతోనే అది హెడ్లను లోపలికి లాక్కుంటుంది.

ఏసీ సంగతి. ఈ డ్రైవుల్లో హెడ్లను కదిపేది స్టెప్పర్ మోటారు. ఫ్లాపీ డ్రైవులో ఉండేదాని బంధువే. ఇన్ని అడుగులు వెయ్యి అంటే వేస్తుంది, వేసిన చోట ట్రాకు ఉందో లేదో చూసుకోదు. లోహం వేడికి సాగుతుంది, చల్లారితే ముడుచుకుంటుంది. కాబట్టి మధ్యాహ్నం వేడి మీద రాసిన ట్రాకు మర్నాడు పొద్దున చలికి హెడ్డు కింద సరిగ్గా ఉండదు, ఓ వెంట్రుకవాసి పక్కకు జరిగి ఉంటుంది. పొద్దున్నే "సెక్టార్ నాట్ ఫౌండ్" అని మొండికేసి, ఇరవై నిమిషాలు ఆన్‌లో ఉంచితే ఏమీ ఎరగనట్టు బూట్ అయిన డ్రైవుల కథంతా ఇదే. వాటికి దెయ్యమూ పట్టలేదు, వైరసూ పట్టలేదు. అందుకే ఇలాంటి డ్రైవును ఇప్పుడు చదవబోతే మొదటి ఎర్రరుకే పోయిందని తేల్చెయ్యకండి. అరగంట తిప్పండి, మళ్లీ చదవండి. అప్పటికీ రాకపోతే ఒకప్పుడు ఏ భంగిమలో వాడారో చూడండి. నిలువుగా పెట్టి ఫార్మాట్ చేసినదాన్ని పడుకోబెట్టి చదివితే హెడ్ల బరువు ఇంకో వైపు లాగుతుంది, ట్రాకులు తప్పుతాయి. చాలామంది ఫ్రిజ్‌లో పెట్టమంటారు. దయచేసి పెట్టకండి. బయటికి తియ్యగానే చెమటపట్టిన మంచినీళ్ల గ్లాసులా పళ్లెం మీద నీటి పొర చేరుతుంది.

డేటా మొత్తం బయటికి వచ్చాక, డ్రైవును మళ్లీ వాడుకోదల్చుకుంటే ట్రాకులు జరిగిన ఈ జబ్బుకు మందు లో లెవెల్ ఫార్మాట్. ఇది ట్రాకుల మీద సెక్టార్ల హద్దురాళ్లను కొత్తగా పాతే పని. వాడబోయే భంగిమలోనే పెట్టి, అరగంట వేడెక్కించి మొదలెట్టాలి. డాస్ ఫ్లాపీతో బూట్ చేసి డీబగ్ అని కొడితే ఒక చిన్న గీత వస్తుంది. డ్రైవును నడిపే కంట్రోలరు కార్డు వెస్టర్న్ డిజిటల్ వాళ్ల ఎనిమిది బిట్లదయితే అక్కడ జి=సి800:5 అని కొట్టాలి. అడాప్టెక్ కార్డుకు చివర 5 బదులు సిసిసి. కార్డు మీద ఉన్న రోమ్‌లోని (చెరగని మెమరీ) ప్రోగ్రాము లేచి డ్రైవు నంబరు, ఇంటర్‌లీవ్, చెడ్డ ట్రాకుల జాబితా అడుగుతుంది. ఎక్స్‌టీ తర్వాతి తరం ఏటీ మిషన్లలోని పదహారు బిట్ల కార్డుల్లో చాలావాటికి ఈ రోమ్ ఉండదు. వాటికి సెటప్‌లో డ్రైవు టైపు ఇచ్చి (ఎస్‌టీ-225కి టైపు 2), స్పీడ్‌స్టోరో డిస్క్ మేనేజరో అనే ప్రోగ్రాము పెట్టి ఫార్మాట్ చెయ్యాలి. ఆ తర్వాత పార్టిషన్లు చెయ్యడానికి ఎఫ్‌డిస్క్, చివరికి ఫార్మాట్ సి: /ఎస్.

చెడ్డ ట్రాకుల జాబితా డ్రైవు మూత మీదే ఒక కాగితం ముక్క మీద అచ్చయి ఉంటుంది, సిలిండరు ఇంత, హెడ్డు ఇంత అని. కొత్త డ్రైవుకు కూడా ఉంటుంది. అవి పుట్టుమచ్చలు, జబ్బు కాదు. వాటిని చూసి కంగారుపడి దుకాణానికి తిరిగి తీసుకెళ్లినవాళ్లు ఉన్నారు. ఫార్మాట్ చేసేటప్పుడు ఆ వరసలన్నీ చేత్తో కొట్టాల్సిందే. ఇవాళ బాగానే చదివిందని వదిలేస్తే ఆరు నెలలకు అక్కడే ఫైలు పోతుంది. కాగితం వెలిసిపోతుంది కాబట్టి డ్రైవు చేతికి రాగానే ఫోన్‌తో ఒక ఫొటో తీసి పెట్టుకోండి.

ఇంటర్‌లీవ్ దగ్గర ఎంతమంది పెద్దలు తప్పులో కాలేశారో. డిస్కు నిమిషానికి 3600 చుట్లు తిరుగుతుంది, చుట్టుకు 16.7 మిల్లీసెకన్లు. ట్రాకులో 17 సెక్టార్లు కాబట్టి ఒక్కోటి హెడ్డు కింద నుంచి దాటిపోయేది ఇంచుమించు ఒక మిల్లీసెకనులో. ఒకటి చదివి దాన్ని మెమరీలోకి సర్దుకునేలోపు ఎక్స్‌టీలోని 4.77 మెగాహెర్ట్‌జ్ 8088 ప్రాసెసరుకి పక్క సెక్టారు దాటిపోతుంది. బస్సు తప్పిపోయినట్టే, మళ్లీ చుట్టు తిరిగి రావాల్సిందే. అందుకని సెక్టార్లకు నంబర్లు వరసగా వెయ్యకుండా మధ్యలో రెండేసి వదిలి వేస్తారు. అదే 3 ఇంటర్‌లీవ్. మొత్తం ట్రాకు మూడు చుట్లలో, 50 మిల్లీసెకన్లలో చదవడం పూర్తవుతుంది. "2 అయితే ఇంకా వేగం కదా" అని 2 కొట్టారనుకోండి, మిషను అందుకోలేకపోతే ప్రతి సెక్టారుకూ ఒక బస్సు తప్పుతుంది. 19 చుట్లు, 300 మిల్లీసెకన్ల పైమాట. ఆరు రెట్లు నెమ్మది. ఎక్స్‌టీలో అనుమానముంటే ఒకటి ఎక్కువే వెయ్యండి. 4 వేస్తే నాలుగు చుట్లకు పోతుంది, కొంపేమీ మునగదు.

ఇంకో ఆశ ఉండేది, 20ని 30 చేసుకోవడం. బిట్లను ఇంకా ఇరికించి రాసే ఆర్ఎల్ఎల్ కార్డు పెడితే అదే ట్రాకులో 17 బదులు 26 సెక్టార్లు పడతాయి. సీగేట్ వాళ్లు ఆ పనికి పరీక్షించి అమ్మింది ఎస్‌టీ-238ఆర్. మనవాళ్లు మామూలు 225కే ఆర్ఎల్ఎల్ కార్డు తగిలించి 30 ఎంబీ తెప్పించి చంకలు కొట్టుకునేవాళ్లు. మొదట్లో బాగానే ఉంటుంది. ట్రాకులు కాస్త జరగగానే ఆ ఇరుకు లెక్కకు తట్టుకోలేక సెక్టార్లు ఒకటొకటిగా రాలిపోతాయి. ఈ రోజు అలాంటి డ్రైవు దొరికితే అతికించిన కాగితం మీది లెక్కను నమ్మకండి, దానితో ఉన్న కార్డు ఏదో చూడండి. అసలు పెద్ద సూత్రం కూడా ఇదే. ఒక కంపెనీ కార్డు రాసిన ట్రాకులను ఇంకో కంపెనీ కార్డు చదవలేకపోవచ్చు, కాబట్టి డ్రైవునూ కార్డునూ విడదీయకూడదు. కార్డును తుక్కులో వేసి డ్రైవును భద్రంగా దాచుకున్నవాళ్లు తాళం దాచుకుని చెవి పారేసుకున్నట్టే.

కేబుళ్లు రెండు. వెడల్పాటిది 34 పిన్నులు, ఆదేశాలకు. సన్నది 20 పిన్నులు, డేటాకు. వెడల్పు కేబులులో ఒకచోట తీగలు మెలిపడి ఉంటాయి. హార్డ్ డిస్కుదైతే మెలిక 25 నుంచి 29 వరకు, ఫ్లాపీదైతే 10 నుంచి 16 వరకు. చూపుకు ఒకేలా ఉంటాయి. ఫ్లాపీ కేబులు తగిలించి డ్రైవు పోయిందనుకోవడం చాలా మామూలు పొరపాటు. మెలిక ఉన్న కేబులైతే డ్రైవు సెలెక్ట్ జంపరు రెండో స్థానంలో ఉండాలి. కేబులు చివరి డ్రైవుకు టర్మినేటర్ రెసిస్టరు పట్టీ ఉండాలి.

ఇప్పుడు అటక మీద నుంచి దింపిన డ్రైవు సంగతి. ముప్పై ఏళ్లు పడుకున్నదాన్ని దింపీ దింపగానే కరెంటు పెట్టకండి. వానాకాలమైతే, అందులోనూ కోస్తాలో అయితే, పొడి గదిలో ఒక రోజు ఉంచండి. తర్వాత మల్టీమీటరు తీసి ఓమ్స్‌లో పెట్టి, పవర్ సాకెట్‌లో పసుపు తీగ తగిలే పిన్నుకూ (12 వోల్టులు) నల్ల తీగ పిన్నుకూ మధ్య కొలవండి. ఎర్రదానికీ (5 వోల్టులు) నల్లదానికీ మధ్య కూడా. అంకె చిన్నగా మొదలై నిదానంగా పైకి పోతుంటే మంచిదే. ఒకటో రెండో ఓమ్‌ల దగ్గర కూర్చుండిపోతే ఎక్కడో షార్టు.

నూటికి తొంభైపాళ్లు ఆ షార్టు టాంటలమ్ కెపాసిటరుదే. చింతగింజంత ఉండే పసుపో నీలమో రంగు బొట్టు, రెండు కాళ్లు. 12 వోల్టుల తీగ మీద 16 వోల్టులకు తయారైనవి పెట్టారు. అంత తక్కువ వెసులుబాటుతో ఏళ్లు పనిచేసి, ఏళ్లు ఖాళీగా పడుండి, మళ్లీ కరెంటు తగిలిన క్షణాన లోపల షార్టవుతాయి. కొన్ని ఠప్పుమని పేలి, చిన్న మంట, ఘాటు వాసన. చూసి గుండె ఆగినంత పని అవుతుంది గానీ నిజానికి పేలినది మంచిది, ఎక్కడుందో కనిపిస్తుంది. పేలకుండా షార్టయినదే ఇబ్బంది. కంప్యూటరు పవర్ సప్లై (ఎస్ఎంపీఎస్) "టిక్... టిక్" అని ఆగిపోతుంది, కంప్యూటరు మొత్తం చచ్చినట్టు కనిపిస్తుంది. డ్రైవు ప్లగ్గు పీకితే కంప్యూటరు లేస్తుంది. అప్పుడు ఆ తీగ మీదున్న టాంటలమ్‌లకు ఒక్కోదానికి ఒక కాలు లేపి మీటరు చూడండి, షార్టు పోయినచోట దొంగ దొరికినట్టే. మీద 106 అని ఉంటే 10 మైక్రోఫారడ్, 226 అని ఉంటే 22. అదే విలువలో 25 లేదా 35 వోల్టులది వెయ్యండి. కోఠి గుజరాతీ గల్లీలాంటి చోట్ల దొరికే మామూలు సరుకే. ఒక్క జాగ్రత్త: టాంటలమ్ మీద గీత ప్లస్ వైపు ఉంటుంది, ఎలెక్ట్రోలిటిక్ మీద గీత మైనస్ వైపు. ఈ తిరకాసు తెలీక తిప్పి వేసినది మళ్లీ పేలుతుంది, ఈసారి మొహం మీదే.

ఇంకోమాట. ఇలాంటి డ్రైవులకు యూఎస్‌బీ కిట్లతో వచ్చే చిన్న అడాప్టరు చాలదు. లేచేటప్పుడు 12 వోల్టుల మీద 2 ఆంపియర్లు దాటి లాగుతాయి, పూర్తి ఎత్తువి ఇంకా ఎక్కువ. సగం వేగం దగ్గర ఆగి మళ్లీ మొదలెడుతుంటే తప్పు డ్రైవుదని అనుకునే ముందు పవర్ సప్లై మార్చి చూడండి.

కరెంటు సరే, కానీ కూత రాలేదు. లైటు వెలిగింది, చెయ్యి పెడితే సన్నటి వణుకు, తిరగడం లేదు. దీన్ని స్టిక్షన్ అంటారు, అంటుకుపోవడం. హెడ్డు అడుగు నున్నన, పళ్లెం నున్నన, మధ్యలో లూబ్రికెంటు పొర, దానికి తోడు తేమ. తడిసిన రెండు గాజు పలకలు ఒకదాన్నొకటి పట్టుకున్నట్టు పట్టుకుంటాయి. మోటారు బలం చాలదు. ఎస్‌టీ-251లూ, మాకింటోష్‌లలో వచ్చిన క్వాంటమ్‌లూ ఇందులో పేరుమోసినవి. మందు తేలికే, తొందర పనికిరాదు. పొడవాటి పవర్ కేబులుతో డ్రైవును రెండు చేతుల్లో పడుకోబెట్టి పట్టుకోండి. కరెంటు పెట్టిన క్షణంలో, జాడీ మూత తిప్పినట్టు, మణికట్టుతో చటుక్కున పక్కకు తిప్పి ఆపండి. పైకీ కిందకీ కాదు, పళ్లెం తిరిగే తలంలోనే. బయటి పెట్టె తిరిగి ఆగుతుంది, లోపలి పళ్లెం తన జడత్వంతో కాస్త జారి విడిపోతుంది. మూడు నాలుగుసార్లకు కూత మొదలవుతుంది. బల్ల మీద కొట్టేవాళ్లున్నారు. అలా విడిపోయేది పళ్లెం ఒక్కటే కాదు, హెడ్డు కూడా. తిరిగాక ఆపకండి. ఆపితే మళ్లీ అంటుకుంటుంది, ఆ తర్వాతి సారి ఉంటుందో లేదో. అది తిరుగుతుండగానే కాపీ మొదలుపెట్టాలి, కాబట్టి కాపీ ఎక్కడికి వెయ్యాలో ముందే సిద్ధం చేసుకుని తిప్పండి. తర్వాతి కాలంలో హెడ్లు దిగే జాగాను కావాలనే గరుకుగా చెయ్యడం, ఆ తర్వాత అసలు పళ్లెం మీదే దింపకుండా పక్కన ఏటవాలు మెట్టు మీదికి ఎక్కించడం, చాలావరకు ఈ తగులాటం నుంచి పుట్టినవే.

కీచు. నూనె లేని బావి గిలకలా చెవులు కోసే కీచు. విన్నవాళ్లు బేరింగ్ పోయిందని తీర్పిచ్చేస్తారు, చాలాసార్లు అది బేరింగ్ కాదు. కింది బోర్డు విప్పితే స్పిండిల్ నడిమధ్య ఒక పల్చటి లోహపు రేకు, దాని కొసన మినప్పప్పు గింజంత కార్బన్ గుండీ, అది ఇరుసు కొసకు ఆనుకుని ఉంటుంది. తిరిగే పళ్లెం మీద పేరుకునే స్టాటిక్ విద్యుత్తును చట్రానికి దింపడం దాని పని. ఏళ్ల తరబడి రాసుకుని గుండీ మధ్య గుంట పడి, రేకు వీణ తీగలా కంపిస్తుంది. రేకు తీసి ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో గుండీ తుడిచి, రేకు వీపు మీద చిన్న స్పాంజి టేపు ముక్క అంటిస్తే కంపనం ఆగిపోతుంది. గుండీ కాస్త పక్క చోట ఆనేలా రేకు జరిపినా సరే. గోలెందుకని రేకునే పీకి పారేస్తే నిశ్శబ్దంగానే ఉంటుంది, కానీ ఆ స్టాటిక్ దారి వెతుక్కుని చదువులో ఎర్రర్లు తెస్తుంది. కీచు కాకుండా తిరగలి తిప్పినట్టు గరగర వస్తే మాత్రం అది బేరింగే. దానికి ఇంటి వైద్యం లేదు, డేటా తీసుకుని వదిలెయ్యాలి. గీరుతున్న చప్పుడు వస్తే వెంటనే పీకెయ్యండి. హెడ్డు పళ్లెం పూతను గోకుతోంది, ప్రతి చుట్టుకూ కొన్ని ఫైళ్లు దుమ్మవుతున్నాయి.

కూత బాగుంది, టక్ లేదు. తొలి తొంభైల క్వాంటమ్ ప్రోడ్రైవ్ ఎల్‌పీఎస్, ఈఎల్ఎస్ డ్రైవులయితే లోపలేం జరిగిందో మూత తియ్యకుండానే చెప్పవచ్చు. హెడ్ల చెయ్యి విశ్రాంతికి వచ్చి ఆనే చోట చిన్న రబ్బరు ముక్క ఉంటుంది. ముప్పై ఏళ్లకు అది కరిగి ముదురు బెల్లప్పాకం అయింది. చెయ్యి అందులో చిక్కుకుంది. మాక్ తెర మీద ప్రశ్నార్థకం వేసుకున్న ఫ్లాపీ బొమ్మ కనబడుతుంది. ఇక్కడ మూత తియ్యక తప్పదు. అప్పటి డ్రైవుల్లో హెడ్లు ఇప్పటివాటికన్నా ఎత్తున ఎగురుతాయి కాబట్టి కాసేపటి గాలిని ఓర్చుకుంటాయి. అయినా ప్రాణసమానమైన డేటా ఉంటే ఈ పని ల్యాబ్‌కి వదలండి.

ఇంట్లో చేస్తే ఫ్యాను ఆపి, తలుపు వేసి, దుమ్ము అణిగాక, చేతులకు గ్లవ్స్ వేసుకుని చెయ్యండి. టార్క్స్ స్క్రూలు తీసి మూత నిటారుగా ఎత్తండి. పళ్లేన్ని తాకకూడదు, దాని మీద మాట్లాడకూడదు, తుంపర పడుతుంది. పళ్లేన్ని నడిమి ఇరుసు పట్టి అది తిరిగే దిశలోనే తిప్పుతూ, హెడ్ల చెయ్యిని పుల్లతో మెల్లగా పాకం నుంచి విడిపించండి. పళ్లెం ఆగి ఉండగా హెడ్లను దాని మీద ఈడిస్తే గీత పడుతుంది. రబ్బరును పుల్లతో, ఆల్కహాల్ తడిపిన దూది కొసతో గీకి తియ్యండి. ఆ పిన్నుకు సరిపడా హీట్ ష్రింక్ గొట్టం ముక్క తొడగండి. మందం పాత రబ్బరు మందమే ఉండాలి. పల్చనయితే హెడ్లు వాలాల్సిన జాగా దాటిపోతాయి, లావయితే చేరవు. ఇదే కాలపు కొన్ని కానర్ డ్రైవుల్లో మూత చుట్టూ ఉండే రబ్బరు సీలే ఇలా కారుతుంది. అది పళ్లెం దాకా పాకితే ఇక చెయ్యగలిగింది లేదు.

కానర్ పేరు రాగానే ఐడీఈ గుర్తొస్తుంది. కార్డు చేసే పనంతా డ్రైవు బోర్డు మీదికే వచ్చేసింది. స్టెప్పరు పోయి వాయిస్ కాయిల్ (అయస్కాంతంతో కదిలే తీగచుట్ట) వచ్చింది, పళ్లెం మీద రాసిన సర్వో గుర్తులు చూసుకుంటూ ట్రాకు పట్టుకునే తెలివి వచ్చింది, పొద్దున చలి జబ్బు పోయింది. వీటికి లో లెవెల్ ఫార్మాట్ అక్కర్లేదు, చెయ్యాలన్నా కుదరదు. సర్వో గుర్తులు ఫ్యాక్టరీలో తప్ప రాయలేరు. 1024 సిలిండర్లు, 16 హెడ్లు, 63 సెక్టార్లు అనే లెక్కకు కంప్యూటరును లేపే బయోస్ కట్టుబడి 528 ఎంబీ దగ్గర గోడ కట్టింది, దాన్ని దాటడానికి డిస్క్ మేనేజర్ వేసుకున్నాం. డిస్కును తనిఖీ చేసే స్కాన్‌డిస్క్ తెర మీద ఒక్కో గడీ నిండుతుంటే ఎక్కడ "బి" (బ్యాడ్, చెడ్డ చోటు) పడుతుందోనని గుడ్లప్పగించి చూశాం.

ఈ తరంలో రోగాలు ఎక్కువగా బోర్డువే. కరెంటు ఎగిరిపడినప్పుడు పవర్ సాకెట్ పక్కనున్న టీవీఎస్ డయోడు తాను షార్టయి మిగతా బోర్డును కాపాడుతుంది. దాన్ని తీసేస్తే డ్రైవు లేస్తుంది. కాపీ అయ్యేదాకా అలా నడిపి, మళ్లీ వాడాలనుకుంటే 12 వోల్టులకు ఎస్ఎంబీజే12ఏ, 5 వోల్టులకు ఎస్ఎంబీజే5.0ఏ వెయ్యండి. బోర్డు లోపలివైపు కాంటాక్టు ప్యాడ్లు నల్లబడి కాంటాక్టు పోతే, సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ మెట్ల మీదైనా, ఏ ఊళ్లోనైనా అందరికీ తెలిసిన చిట్కా పెన్సిల్ రబ్బరు. రుద్ది, పొట్టు దులిపి, బిగిస్తే చాలాసార్లు లేచి కూర్చుంటుంది. 2001-02 నాటి ఫుజిత్సు ఎంపీజీ డ్రైవుల కథ వేరు. వాటి కంట్రోలరు చిప్పు ప్లాస్టిక్ పోతలో కలిపిన ఎర్ర భాస్వరం తేమకు ఆమ్లంగా మారి కాళ్ల మధ్య దారి వేసింది. బయోస్‌లో డ్రైవు ఒకరోజు కనబడేది, మర్నాడు మాయం. సముద్రం పక్క ఊళ్లకు ఇది అస్సలు పడదు. ఐబీఎం డెస్క్‌స్టార్ 75జీఎక్స్‌పీకి 2000 తర్వాత జనమే డెత్‌స్టార్ అని పేరు మార్చేశారు. ఆ డ్రైవు టకటకలాడితే టెక్నీషియన్ మొహం చూస్తేనే ఫలితం తెలిసిపోయేది.

చదవడం ఎలాగో చెప్పి ముగిస్తా. ఐడీఈ అయితే యూఎస్‌బీ అడాప్టరు, లైనెక్స్, చెడ్డ డిస్కు నుంచి కాపీ తీసే డీడీరెస్క్యూ ప్రోగ్రాము. మొదటి దఫా చెడ్డచోట్ల ఆగకుండా దాటిపోతూ మంచిదంతా తీసుకోవాలి, రెండో దఫాలో మూడుసార్లు ప్రయత్నించమనాలి. మ్యాప్ ఫైలు పెట్టుకుంటే మధ్యలో ఆపినా మళ్లీ అక్కడి నుంచే మొదలవుతుంది. కానర్ సీపీ-3000 వరసలాంటి తొలినాటి ఐడీఈలకు ఎల్‌బీఏ (సెక్టార్లను వరస నంబర్లతో పిలిచే పద్ధతి) తెలీదు, యూఎస్‌బీ అడాప్టర్లు వాటితో మాట్లాడలేవు. ఐడీఈ సాకెట్ ఉన్న పాత మదర్‌బోర్డు వెతకాల్సిందే. ఎస్‌టీ-225 వంటివాటికి యూఎస్‌బీ దారే లేదు. దాని ఎక్స్‌టీ, దాని కార్డు, సీరియల్ కేబులు, అవతల ఇంకో కంప్యూటరు. 115200 వేగంతో 20 ఎంబీ రావడానికి అరగంట పైన పడుతుంది. అప్పట్లో ఇదే డేటాను బ్యాకప్ కమాండుతో 360కే ఫ్లాపీలకు ఎక్కిస్తే దాదాపు 60 ఫ్లాపీలు, 43వది చెడిపోయేది. కార్డు లేని డ్రైవులకు ఇప్పుడు బీగుల్‌బోన్ అనే చిన్న కంప్యూటరు బోర్డు మీద నడిచే ఎంఎఫ్ఎం (ఎస్‌టీ-225 తరం రాత పద్ధతి) రీడర్లున్నాయి. పళ్లెం మీది అయస్కాంత మార్పులను ఉన్నవున్నట్టు పట్టుకుని, ఏ కంపెనీ కార్డు రాసిందో తర్వాత తీరిగ్గా తేల్చుకుంటాయి.

డీటీపీ సెంటర్ల డిస్కులయితే ఒక సంగతి మరవకండి. శుభలేఖలు, చిన్న పత్రికలు, పంచాంగాలు పేజ్‌మేకర్‌లో అను, శ్రీలిపి ఫాంట్లతో చేసినవి. అవి యూనికోడ్ కావు. పేజ్‌మేకర్ ఫైలు ఒక్కటే తెస్తే తెలుగు బదులు పిచ్చి గీతలు వస్తాయి. విండోస్ 3.1 అయితే విండోస్‌లోని సిస్టమ్ ఫోల్డరు, 95 తర్వాతదైతే ఫాంట్స్ ఫోల్డరు, మొత్తం తెచ్చుకోండి. ఏ అక్షరం ఏ కోడ్‌లో ఉందో ఆ ఫాంటు ఫైలే చెబుతుంది.

డేటా తెచ్చాక ఎక్స్‌టీలో డ్రైవు బదులు కాంపాక్ట్ ఫ్లాష్ కార్డు పెట్టుకునేవాళ్లే ఇప్పుడు ఎక్కువ. ఎక్స్‌టీ-ఐడీఈ బోర్డు చాలు, కీచూ లేదు, పార్కూ లేదు. అలా పెట్టుకున్నాక ఆ నిశ్శబ్దం భరించలేక, హార్డ్ డిస్కు లైటు తీగకు తగిలించే ఇంకో చిన్న బోర్డు కొంటున్నారు. లైటు వెలిగినప్పుడల్లా అది టకటకలాడుతుంది.